తుపాకీ లైసెన్సు - పరుల వాకిలి

పంటను కాపాడుకొనుటకు కొందరు రైతులు తుపాకీ లైసెన్సు పొందుదురు. 1959 నాటి ఆయుధ చట్టమునందు మూతినుండి మందు దట్టించు తుపాకీకి పంటరక్షణకై లైసెన్సు నిచ్చు వీలు కలదు. అయితే ఆ లైసెన్సు పరుల వాకిలి తెరచు తాళపుచెవి కాదు.

దుకాణము, సినిమాహాలు, కల్యాణమండపము - వీని యజమాని తుపాకులతో లోనికి రారాదని బోర్డు కట్టినచో, ఆ మాట లైసెన్సుదారునకును వర్తించును. స్థలము యజమానిది; ప్రవేశ నియమమును అతనిదే. పొమ్మన్నను పోక, బెదిరించు తలంపుతో నిలిచియుండుట నేరమగును.

2016 ఆయుధ నియమముల ప్రకారము బహిరంగ స్థలములలో తుపాకీని పూర్తిగా కప్పి తీసికొనిపోవలెను, ఝళిపింపరాదు, పేల్చరాదు. పెండ్లిండ్లలో, ఊరేగింపులలో వేడుకకై పేల్చి ఇతరుల ప్రాణములకు ముప్పు తెచ్చువారికి, 2019 సవరణ చట్టము మేరకు 2 సంవత్సరముల వరకు ఖైదు గాని, లక్ష రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఆకాశమునకు పేల్చిన గుండు తిరిగి నేలకు రాక తప్పదు. అది ఎవరి బిడ్డపై పడునో పేల్చినవా డెరుగడు.

కావున పంచాయతీ సభ్యులు తమ గ్రామమందలి మండపముల యజమానులకు ఈ సంగతి తెలిపి, అందరికి కనబడునట్లు బోర్డు పెట్టింపవలెనని మేము కోరుచున్నాము. ఎవరేని తుపాకీతో వచ్చినచో పెనగులాడక, వెంటనే 112 నంబరునకు ఫోను చేయవలెను.