కుక్కపిల్ల పెరిగి ఎంతగును?

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతములలో గొఱ్ఱెల మందలకు కాపుగా కుక్కలను పెంచువారు కలరు. మందకు తోడేలును ఎదిరింపగల కుక్క కావలెను. ఇంటి ముంగిటి కాపునకు అంత పెద్దది అక్కరలేదు. ఎంత ఎదుగునో ఎంచక తెచ్చిన పిల్లను తరువాత మేపలేక వీధిలో విడుచుటయు కలదు. అట్టి కుక్క భారము తుదకు ఊరిపై పడును. కనుక ఈ లెక్క పంచాయతీ సభ్యులకును తెలిసియుండవలెను.

మొదట తల్లిని చూడుడు. మగపిల్లలు సాధారణముగా ఆడపిల్లలకంటె కొంత పెద్దవగును. అయితే ఊరకుక్కలలో ఒకే ఈతలోని పిల్లలకు తండ్రులు వేరు కావచ్చును. అందుచే తోబుట్టువు లన్నియు ఒకే తీరున ఎదుగవు.

రెండవది వయస్సు. సుమారు 4వ నెలలో ముందరి పాలపళ్లు ఊడ నారంభించును. 7వ నెలకు శాశ్వత దంతములు పూర్తియగును. మధ్యరకపు కుక్క 4 నెలలకు తన పూర్తి బరువులో దాదాపు సగముండును. అప్పుడు 8 కిలోలున్న పిల్ల పెరిగి రమారమి 16 కిలోలగును. పెద్దజాతి పిల్ల ఇంతకు మించును. చిన్నజాతిది కొంత తగ్గును. తూచుట సులభము: పిల్ల నెత్తుకొని కాటాపై నిలిచి, వచ్చిన తూకములో మీ బరువును తీసివేయుడు.

పాదములు పెద్దవైన కుక్కయు పెద్దదగునని పలువురందురు. అది సూచన మాత్రమే, దానినే నమ్మరాదు. కడుపు ఉబ్బి, ఎముకలు కనబడు పిల్లకు నులిపురుగు లుండవచ్చును. అట్టి పిల్ల తూకము లెక్కను తప్పించును. ముందు పశువైద్యశాలలో మందు త్రాగింపవలెను. చిన్నజాతులు ఏడాది లోపుననే ఎదిగిపోవును. పెద్దజాతులకు ఏడాదిన్నర, అంతకు పైబడియు పట్టును.

రెండు నెలలు నిండనిదే పిల్లను తల్లినుండి వేరు చేయరాదు. మూడవ నెలలో పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, వైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయింపవలెను. ఈ వ్యాధి విషయములో కుక్క పరిమాణముతో పనిలేదు. చిన్నపిల్ల కరచినను గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను.

2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకాలు జరిపించు బాధ్యతను స్థానిక సంస్థలపై నుంచినవి. పిల్లను తెచ్చుకొనునాడే దాని ఎదుగుదలను, మేత ఖర్చును ఎంచుకొన్నచో వీధిపాలగు కుక్కలు కొంతైన తగ్గును. ఈ మాటను సభ్యులు గ్రామసభలో నలుగురికిని తెలుపవలెనని మా మనవి.