ఒలింపిక్స్ కొలను పచ్చబడిందెందుకు?

2016 ఆగస్టు 9న రియో డి జనీరో ఒలింపిక్స్‌లో డైవింగ్ కొలను ఊరచెరువులా పచ్చబడింది. మర్నాడు పక్క కొలనూ అంతే! ఆగస్టు 5న వాటిలో 160 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారు మరి.

“అదీ క్రిమిసంహారిణే కదా మాస్టారూ?” అంటారు. నిజమే. కాని కొలనులో అప్పటికే క్లోరిన్ ఉంది. అది నీటిలో హైపోక్లోరస్ ఆమ్లంగా మారి క్రిములనూ నాచునూ చంపుతుంది. పెరాక్సైడ్ సాధారణంగా ఆక్సీకరణి. క్లోరిన్ వంటి బలమైన ఆక్సీకరణి ఎదురైతే మాత్రం క్షయకరణిగా పనిచేస్తుంది. (పరీక్షలో చాలామంది తప్పేది ఇక్కడే!) క్లోరిన్ కాస్తా క్లోరైడ్ అయింది, పెరాక్సైడ్ నుంచి ఆక్సిజన్ వెలువడింది. రెండు మందులూ ఖర్చయిపోయాయి. ఇక నాచుకు అడ్డేముంది?

పక్క కొలనులో జట్టుగా ఈదేవారు నీటి లోపల ఒకరినొకరు చూసుకోవాలి. అందుకని అందులోని సుమారు 37 లక్షల లీటర్ల నీటిని తోడేసి, శుభ్రమైన నీరు నింపారు.