బాలానగర్ మంచుదీవికి ఎందుకెళ్లింది?

సెల్‌ఫోన్లో మ్యాపు తెరిస్తే మన వీధి మన ఊళ్లోనే కనిపిస్తుంది. అందులో వింతేముంది అనుకుంటాం. కానీ దాన్ని అక్కడ నిలబెట్టడం వెనక ఎవరెవరో రాసిన వేల వరుసల ప్రోగ్రాములుంటాయి. వాటిలో దేన్ని ఎంచుకోవాలి, తేడా వస్తే ఎక్కడ వెతకాలి... సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో సగం పని అదే!

హైదరాబాద్‌లోని బాలానగర్ సుమారు 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఈ రెండు అంకెలూ ఇచ్చి చుక్క పెట్టమంటే కంప్యూటర్ పెడుతుంది. అవే అంకెల్ని తారుమారు చేసి ఇస్తే? అప్పుడూ పెడుతుంది. కాకపోతే ఆ చుక్క ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది. లేత్ మిషన్లు తిరగాల్సిన చోట ధ్రువపు ఎలుగుబంట్లు తిరుగుతాయన్నమాట! ఇది తప్పని కంప్యూటర్ చెప్పదు. దాని లెక్కలో భూమ్మీద రెండూ ఉన్న చోట్లే మరి.

మ్యాపుల ప్రోగ్రాములు రాసేవారికి ఈ మంచుదీవి ప్రయాణం బాగా పరిచయం. చాలాసార్లు తప్పు వాళ్ల లెక్కల్లో ఉండదు. బయటినుంచి తెచ్చుకున్న ‘లైబ్రరీ’ అలవాటేమిటో చూసుకోకపోవడంలో ఉంటుంది.

నట్టూ బోల్టూ తయారుచేస్తామా?

లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాల గది కాదు. తరచూ అవసరమయ్యే పనుల్ని ఒకరు రాసిపెడితే మిగతావాళ్లు తమ ప్రోగ్రాముల్లో బిగించుకునే తయారీ భాగం. సంగతి అర్థం కావాలంటే బాలానగర్ పారిశ్రామికవాడలో ఓ చిన్న వర్క్‌షాపుని ఊహించుకుంటే చాలు. యంత్రం తయారుచేసే యజమాని నట్టూ, బోల్టూ, బేరింగూ తానే చేసుకోడు. దుకాణంలో కొంటాడు. కొనేముందు మాత్రం సైజు చూస్తాడు, మర చూస్తాడు, రేపు పాడైతే మళ్లీ అదే దొరుకుతుందా అని అడుగుతాడు. పనిముట్ల రూపకల్పన నేర్పడానికే ఇక్కడ 1968లో సీఐటీడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వెలిసింది. పనితనం ఎంత ముఖ్యమో పనిముట్టూ అంతే ముఖ్యమని ఈ వాడకి ఎప్పుడో తెలుసు.

ఇక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని హైటెక్ సిటీలో జరిగేదీ అదే. బ్యాంకు యాప్ అయినా, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ అయినా ఎక్కువ భాగం తెచ్చుకున్న లైబ్రరీలే.

భువన్ చెప్పిన పాఠం

బాలానగర్‌లోనే ఇస్రోకి చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. 1974లో ఏజెన్సీగా మొదలై, 2008లో ఇస్రో కేంద్రంగా మారింది. ఉపగ్రహాలు తీసిన చిత్రాల్ని సామాన్యులూ చూసేందుకు ఈ సంస్థ 2009 ఆగస్టులో ‘భువన్’ పోర్టల్‌ని తెచ్చింది.

మొదట్లో భువన్‌లో భూగోళాన్ని 3డీలో చూడాలంటే కంప్యూటర్‌లో ప్రత్యేకంగా ఓ ప్లగిన్ వేసుకోవాలి. అది విండోస్‌లో, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో పనిచేసేది. ఆ రోజుల్లో బ్రౌజర్‌లో 3డీ బొమ్మ చూపించడానికి ప్లగిన్‌ని ఆశ్రయించడం మామూలే. కానీ లినక్స్ వాడేవాళ్ల మాటేమిటి? పైగా కాలం మారిపోయింది. 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ ఆ తరహా పాత ప్లగిన్లకు తలుపులు మూసేశాయి. 2022 జూన్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే విశ్రాంతి తీసుకుంది.

భువన్ మాత్రం అక్కడే ఆగిపోలేదు. ప్లగిన్ అక్కర్లేకుండా నేరుగా బ్రౌజర్‌లోనే తెరుచుకునే 2డీ మ్యాపుల్ని తెచ్చింది. ఓపెన్‌సోర్స్ పనిముట్లని వాడుకుంది. డబ్ల్యూఎంఎస్ అనే అంతర్జాతీయ ప్రమాణంలో మ్యాపుల్ని అందించింది. దాంతో ఇతర సంస్థలు తమకిష్టమైన సాఫ్ట్‌వేర్‌లో ఆ మ్యాపుల్ని తెరుచుకునే వీలు కలిగింది. ఉపాధి హామీ పథకం కింద తవ్విన నీటికుంటలూ, వేసిన రోడ్లూ ఎక్కడున్నాయో ఫొటోలతో సహా గుర్తించేందుకు 2016లో గ్రామీణాభివృద్ధి శాఖ ఒప్పందం చేసుకున్నదీ ఈ కేంద్రంతోనే. పల్లెలో సెల్‌ఫోన్‌తో తీసిన ఫొటో భువన్ మ్యాపులోకి చేరిందంటే కారణం, ఫలానా కంప్యూటరే ఉండాలన్న షరతు లేకపోవడమే.

పెళ్లి సంబంధంలా చూడాలి!

మరి లైబ్రరీని ఎంచుకునేదెలా? మ్యాపులకే ప్రసిద్ధి చెందిన రెండింటిని చూద్దాం. ‘లీఫ్‌లెట్’ని ఉక్రెయిన్‌కి చెందిన వొలొదిమిర్ అగాఫొంకిన్ 2011లో విడుదల చేశాడు. దాని బరువు 42 కిలోబైట్లే. నెట్ నెమ్మదిగా ఉన్నచోటా చటుక్కున తెరుచుకుంటుంది. 2006లో వచ్చిన ‘ఓపెన్‌లేయర్స్’ అంతకన్నా పెద్దది. రకరకాల కొలతల పద్ధతుల్లో గీసిన మ్యాపుల్ని ఒకచోట కలిపే సత్తా దానికుంది. ఊళ్లో దుకాణాల చిరునామాలు చూపించడానికి మొదటిది చాలు. ఉపగ్రహ చిత్రాల పొరలు ఒకదానిమీద ఒకటి పరచాలంటే రెండోది కావాలి. ఏది గొప్ప అన్నది కాదు, మన పనేమిటన్నదే ప్రశ్న.

ఆ తర్వాత వాకబు చెయ్యాలి. చివరి కూర్పు ఎప్పుడొచ్చింది? తప్పులు చెబితే సరిదిద్దేవాళ్లున్నారా? ఒక్కరేనా, నలుగురున్నారా? లైసెన్సు ఏమంటోంది? ఖర్చు రేపూ ఇంతేనా? 2018 జులైలో గూగుల్ మ్యాప్స్ కొత్త ధరలు పెట్టి, బిల్లింగ్ ఖాతా తప్పనిసరి అన్నప్పుడు ఎన్నో చిన్న వెబ్‌సైట్లు లెక్కలు మళ్లీ వేసుకోవాల్సొచ్చింది.

కూర్పు సంఖ్య ఇంకా ముఖ్యం. ఓపెన్‌లేయర్స్ 2 నుంచి 2014లో వచ్చిన 3కి మారడమంటే రంగు వెయ్యడం కాదు, ఇల్లు మళ్లీ కట్టడమే. కొత్తగా తిరగరాయడంతో పాత ప్రోగ్రాములు నేరుగా పనిచెయ్యలేదు. అందుకే ఏ లైబ్రరీ ఎన్నో కూర్పు వాడుతున్నామో రాసిపెట్టుకోవడం తప్పనిసరి.

ఇప్పుడు కోడ్ రాసిపెట్టే ఏఐ పనిముట్లూ వచ్చాయి. సాయం చేస్తాయి, నిజమే. కానీ అప్పుడప్పుడూ అసలు లేనే లేని లైబ్రరీ పేరు కూడా ధీమాగా చెప్పేస్తాయి. ఆ పేరుతో ఎవరైనా హానికరమైన ప్రోగ్రాము తయారుచేసి ఉంచితే? చెప్పింది చెప్పినట్టు దించుకుంటే దొంగకి తాళం ఇచ్చినట్టే.

చుక్కే చెబుతుంది జబ్బేమిటో

తేడా వచ్చినప్పుడు కంగారుగా పది చోట్ల మార్చేస్తే అసలు తప్పు ఇంకా లోపలికి దాక్కుంటుంది. నాడి పట్టిన వైద్యుడిలా లక్షణాన్ని చూడాలి. మ్యాపులో తప్పిపోయిన చుక్కకి మూడు లక్షణాలుంటాయి.

చుక్క మంచుదీవిలో ఉందా? అంకెల వరస తారుమారైంది. లీఫ్‌లెట్ అక్షాంశాన్ని ముందు అడుగుతుంది, ఓపెన్‌లేయర్స్ రేఖాంశాన్ని ముందు అడుగుతుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినప్పుడు వరస మార్చడం మర్చిపోతే బాలానగర్ స్వాల్‌బార్డ్‌కి బయల్దేరుతుంది.

ఆఫ్రికా పక్కన అట్లాంటిక్ సముద్రంలో ఉందా? అది సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం కలిసే చోటు. అంకెలు అందక ఖాళీ కాస్తా సున్నా అయిపోయి ఉండొచ్చు. లేదా డిగ్రీల్లో ఇచ్చినదాన్ని లైబ్రరీ మీటర్లనుకుని ఉండొచ్చు. అప్పుడు మన 78 డిగ్రీలు సున్నా దగ్గర్నుంచి 78 మీటర్లే!

చుక్క హైదరాబాద్‌లోనే ఉండి, పక్క వీధిలో పడిందా? ఇది అన్నిటికన్నా మోసకారి. మన దేశపు పాత మ్యాపులు 1830నాటి ఎవరెస్ట్ కొలతల మీద గీసినవి. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్84 అనే మరో కొలత. రెంటినీ సర్దకుండా కలిపితే మన దగ్గర వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది.

మందు ఒకటే. చోటు కచ్చితంగా తెలిసిన ఒక్క చుక్కతో, చార్మినార్ అనుకోండి, చిన్న ప్రోగ్రాము రాసి చూడాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. నిన్నటిదాకా పనిచేసి ఇవాళ ఆగిపోతే మధ్యలో జరిగిన మార్పుల్ని సగానికి సగం విడదీసి వెతకాలి. నిఘంటువులో మాట వెతికినట్టే. ఇలా అయితే వెయ్యి మార్పుల్లో తప్పుది పది పరీక్షల్లో దొరుకుతుంది. ‘గిట్’ అనే పనిముట్టులో దీనికోసం ‘బైసెక్ట్’ అనే ఆదేశమే ఉంది.

అర సెకను పట్టించింది!

ఈ ఓపిక ఎంత విలువైనదో 2024 మార్చిలో లోకానికి తెలిసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. పోనీలే అనుకోకుండా తవ్వుకుంటూ పోయాడు. లినక్స్ కంప్యూటర్లు వాడే ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టారని బయటపడింది. దాన్ని ఏళ్లతరబడి ప్రధానంగా ఒక్కరే ఖాళీ సమయంలో చూసుకునేవారు. సాయం చేస్తానంటూ వచ్చిన వ్యక్తి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి ఆ పని చేశాడు. అందరూ వాడే స్థిరమైన కూర్పుల్లోకి చేరకముందే అది దొరికిపోయింది.

వరద వచ్చినప్పుడు ఏ ఊరు మునిగిందో ఉపగ్రహ చిత్రాలు చూసి మ్యాపులు తయారుచేసేదీ బాలానగర్ కేంద్రమే. అలాంటి మ్యాపులో చుక్క పక్క ఊరిమీద పడితే పడవ పక్క ఊరికే వెళ్తుంది. పాఠశాలలో అక్షాంశాలూ రేఖాంశాలూ బట్టీపట్టే పిల్లలకి ఈ సంగతి చెప్పి చూడండి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇక మర్చిపోరు!