ఈనిన గొర్రె నుంచి మందంతటికీ: నట్టలు ఎలా పాకుతాయి?

సూరత్ అనగానే తెలుగువారికి చీరల మార్కెట్లు, పవర్‌లూమ్‌లు, వాటిలో పనిచేసే తెలంగాణ పద్మశాలీలు గుర్తొస్తారు. ఊరు దాటితే కనిపించే సూరత్ వేరు. చెరకు తోటలు, వరి మళ్లు, మధ్యలో తాపీ నది కాలువలు. కచ్, సౌరాష్ట్రల్లో మేత అయిపోయాక రబారీ, భర్వాడ్ కాపరులు గొర్రెల మందలతో ఈ దక్షిణ గుజరాత్ వైపు దిగుతారు. కోత అయిన పొలంలో రాత్రి మంద కడితే రైతుకు ఎరువు, గొర్రెకు మేత. పాలమూరు మందలు నల్లమల వైపు, కృష్ణా తీరం వైపు వెళ్లడం లాంటిదే ఇదీ.

అయితే కచ్‌లో ఏడాదికి పడే వాన సుమారు 400 మిల్లీమీటర్లు. సూరత్ ప్రాంతంలో అది దాదాపు మూడింతలు. పొడి నేల మీద పెరిగిన గొర్రె తడి నేల మీదికి వచ్చినప్పుడు పచ్చని మేతతో పాటు నట్టలనూ మేస్తుంది. తన పొట్టలో ఉన్నవాటిని కొత్త నేలకు వదులుతుంది కూడా.

గొర్రెల్లో అందరికంటే ప్రమాదకారి హీమాంకస్ అనే పొట్ట పురుగు. ఇది రక్తం తాగి బతుకుతుంది. ఒక్కో పురుగు రోజుకు 0.05 మిల్లీలీటర్ల రక్తాన్ని హరిస్తుంది. వినడానికి చాలా తక్కువ. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. 30 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమే రెండు లీటర్లు. జీవి పాలిపోతుంది, నీరసిస్తుంది, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. చాలాసార్లు పారుడు ఉండదు. అందుకే కాపరి గుర్తించేసరికి ఆలస్యమైపోతుంది.

ఆడ పురుగు రోజుకు ఐదు వేలకు పైగా గుడ్లు పెడుతుంది. అవి పెంటికల్లో నేల మీద పడతాయి. తేమ, వెచ్చదనం ఉంటే వారం రోజుల్లో రోగం అంటించే దశకు చేరిన లార్వాలు తయారవుతాయి. గడ్డి పరకల మీది తడి పొర పట్టుకుని కొంచెం పైకి పాకుతాయి. గొర్రె ఆ గడ్డిని మేసిన మూడు వారాలకు కొత్త తరం గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. అంటే ఒక గొర్రె నుంచి మరో గొర్రెకు నట్టలు నేరుగా అంటవు. మధ్యలో పచ్చిక ఉంది. ఒకే చోట రోజుల తరబడి మేపే మందలో ముప్పు ఎక్కువ కావడానికి కారణం ఇదే.

తల్లి గొర్రె దగ్గర మొదలు

మందలో అన్ని జీవాలూ సమానంగా నట్టలు మోయవు. నాలుగో వంతు గొర్రెల్లోనే పురుగుల్లో అత్యధిక భాగం ఉండటం సాధారణం. ఆ కొద్దింట్లో ముందుండేవి ఈనే గొర్రెలు. ఈనడానికి రెండు వారాల ముందు నుంచి, ఈనాక ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా తల్లి ఒంట్లో రోగనిరోధక శక్తి సడలుతుంది. కడుపులోని పిల్లకు, ఆ తర్వాత పాలకు పోషకాలు వెళ్లిపోతాయి. అంతవరకూ అణిగి ఉన్న పురుగులు గుడ్లు విపరీతంగా పెడతాయి. 500 ఆడ పురుగులున్న ఒక్క గొర్రె రోజుకు 25 లక్షల గుడ్లు పొలంలో చల్లుతున్నట్టు లెక్క.

సరిగ్గా అప్పుడే పిల్లలు గడ్డి కొరకడం నేర్చుకుంటాయి. వాటికి ఇంకా రోగనిరోధక శక్తి రాలేదు. తల్లి వదిలిన గుడ్ల పంట పిల్ల నోట్లోకి వెళ్తుంది. ఈత వానాకాలంలో పడితే పరిస్థితి మరీ దారుణం. కవల పిల్లలున్న తల్లికి ఈనే ముందు నెలలో కాస్త చెక్క, పప్పు పొట్టు అదనంగా పెడితే గుడ్లు తగ్గుతాయి. దాణా కూడా ఒక రకంగా నట్టల మందే అన్నమాట.

కాలువ నీళ్లుంటే కథ మారుతుంది. 1972లో పూర్తయిన ఉకాయ్ డ్యామ్ నీళ్లు పారే ఈ పొలాల్లో కార్జపు జలగ భయం ఉంటుంది. దీని గుడ్డు నీళ్లలో పడాలి, పొదిగి నీటి నత్తలో చేరాలి, అక్కడ వందలుగా పెరిగి బయటికొచ్చి గడ్డికి, వరి కొయ్యకాళ్లకు అంటుకోవాలి. ఆ గడ్డి మేసిన గొర్రె కార్జాన్ని పిల్ల జలగలు తొలుచుకుంటూ పోతాయి. పొడి నేలల మందకు ఈ జబ్బుతో పరిచయం తక్కువ. మామూలు నట్టల మందులు చాలావరకు దీనిపై పనిచేయవు. ఆక్సిక్లోజనైడ్ పెద్ద జలగలను చంపుతుంది కానీ పిల్ల జలగలను వదిలేస్తుంది. ఏ జలగ ఎప్పుడు అంటుకుందో అంచనా వేసి మందు ఎంచుకోవాలి. పశువైద్యుడు పెంటికలు పరీక్షించమనేది అందుకే.

అందరికీ ఒకేసారి తాపితే?

వలస బయలుదేరే ముందు మందంతటికీ మందు తాపి, కొత్త పొలంలోకి తోలడం కాపరులకు తెలిసిన జాగ్రత్త. పైకి తెలివైన పని. కానీ ఎండాకాలం చివర పచ్చిక మీద లార్వాలు దాదాపు మాడిపోయి ఉంటాయి. పురుగులకు మిగిలిన ఆశ్రయం గొర్రె పొట్టే. అన్నిటికీ మందు పడితే మందుకు లొంగని పురుగులే బతుకుతాయి. శుభ్రమైన కొత్త పొలంలో వాటి సంతతే నాటుకుంటుంది. బరువు ఉజ్జాయింపుగా చూసి తక్కువ డోసు తాపడం ఈ పనిని మరింత సులువు చేస్తుంది. ఫెన్‌బెండజోల్ లాంటి మందులకు లొంగని హీమాంకస్ దేశంలో ఇప్పటికే కనిపించింది.

ఇది తెలుగు రాష్ట్రాలకు దూరపు ముచ్చట కాదు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్లు, ఏపీలో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలో మొదటి రెండు స్థానాలు ఇవే. 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన పథకంలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీతో యూనిట్లు ఇచ్చారు. వాటిని పొరుగు రాష్ట్రాల నుంచి కొన్నారు. గొర్రె ఒక చోటి నుంచి మరో చోటికి మారితే దాని నట్టలూ, అవి అలవాటు పడిన మందుల చరిత్రా వెంట వస్తాయి. ఉచితంగా నట్టల మందు తాపే కార్యక్రమాలు మేలు చేసినవే. కానీ ఎన్ని జీవాలకు తాపామన్న లెక్కతో పాటు మందు పనిచేసిందా అన్నదీ చూడాలి. తాపే ముందు, రెండు వారాల తర్వాత కొన్ని గొర్రెల పెంటికల్లో గుడ్లు లెక్కిస్తే తేలిపోతుంది.

మందలో కాపరి చేయగలిగేవీ ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో రూపొందిన ఫమాచా చార్టులో కనురెప్ప లోపలి రంగుకు ఐదు దశలున్నాయి. ఎర్రగా ఉంటే ఒకటి, తెల్లగా పాలిపోతే ఐదు. పాలిపోయినవాటికే మందు ఇచ్చి మిగతావాటిని వదిలేస్తారు. వదిలేసినవాటిలోని మామూలు పురుగులు మొండి పురుగులతో కలిసి వాటి బలాన్ని పలచన చేస్తాయి. ఇది రక్తం తాగే పురుగులకే పనికొచ్చే పద్ధతి, చార్టు వాడటంలో శిక్షణ కావాలి.

కొత్తగా కొన్న విత్తనపు పొట్టేలును వెంటనే మందలో వదలకూడదు. మందు తాపి ఒకటి రెండు రోజులు విడిగా కట్టి, ఆ పెంటికలు పచ్చికలో పడకుండా చూడాలి. గజ్జి, పేలు మాత్రం ఒంటికి ఒళ్లు తగిలితే చాలు అంటుకుంటాయి కాబట్టి చర్మం కూడా చూసుకోవాలి. ఇక ఆల్బెండజోల్‌ను చూడి మొదటి నెలలో వాడితే పిల్ల అవకరాలతో పుట్టే ప్రమాదం ఉంది. పొట్టేలును మందలోకి వదిలిన తేదీ గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకున్నా సరే, ఏ గొర్రెకు ఏ మందు తాపవచ్చో ఆ తేదీయే చెబుతుంది.