జెల్ల చర్మాన్ని విప్పి చూపిన కత్తి

వాలుగను వట్టి చేత్తో పట్టుకోబోతే జారిపోతుంది. చేపలు కోసేవాళ్లు దాని ఒంటికి బూడిదో ఉప్పో రాసి, జిగురు వదిలాకే కత్తి పెడతారు. వాలుగ, జెల్ల, మార్పు... మీసాల ఈ చేపలకు పొలుసులుండవు. నీటికీ ఒంటికీ మధ్య ఉన్నదల్లా ఆ మెత్తని చర్మమే. అందులో ఏముందో తెలిసిన ఘనత అంతా సూక్ష్మదర్శినికే ఇస్తాం. దానికంటే ముందు పనిచేసే, కణజాలాన్ని పలచని పొరలుగా కోసే మైక్రోటోమ్ పేరు ఎవరూ తలవరు. అది నాకు అన్యాయంగా తోస్తుంది.

సూక్ష్మదర్శిని కింద కణాలు కనబడాలంటే వెలుతురు వాటిని దాటి రావాలి. చేత్తో ఎంత నేర్పుగా కోసినా ఒక ముక్క మందంగా, ఒకటి పలచగా వస్తుంది. పిండాల ఎదుగుదలను పరిశోధిస్తున్న విల్‌హెల్మ్ హిస్‌కు ముక్కలు వరుస తప్పకుండా కావాలి. అందుకే 1860ల్లో బేసెల్‌లో మైక్రోటోమ్ తయారుచేసుకున్నాడు. 1869లో ఎడ్విన్ క్లెబ్స్ కణజాలాన్ని కోతకు నిలిచేలా పారఫిన్ మైనంలో పొదిగాడు. చార్లెస్ డార్విన్ కొడుకు హొరేస్ డార్విన్ 1885లో కేంబ్రిడ్జ్‌లో ఊగే మైక్రోటోమ్ రూపొందిస్తే, మరుసటి ఏడాది అమెరికాలో చార్లెస్ మైనాట్ చక్రం తిప్పి కోసే రకం తెచ్చాడు. ఇప్పటికీ ప్రయోగశాలల్లో ఎక్కువగా తిరిగేది ఆ చక్రమే.

జెల్ల చర్మం ముక్కను ఫార్మలిన్‌లో ఉంచుతారు. ఆల్కహాల్‌తో అందులోని నీరు లాగేసి, జైలీన్‌లో ముంచి, కరిగిన మైనంలో పెడతారు. దిమ్మ గట్టిపడ్డాక చక్రం తిప్పితే ఒక్కో తిప్పుకు సుమారు 5 మైక్రాన్ల పొర తెగుతుంది. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఒక పొర అంచుకు తర్వాతి పొర అంటుకుంటూ కత్తి మీంచి పట్టీలా దిగుతుంది. గోరువెచ్చని నీటిపై వదిలితే ముడతలు విచ్చుకుంటాయి. అప్పుడు గాజు పలకపైకి ఎత్తి రంగులు వేస్తారు.

మెక్‌మనస్ 1946లో వాడి చూపిన పీఏఎస్ రంగు వేస్తే గాబ్లెట్ కణాలు ముదురు గులాబీరంగుకు తిరుగుతాయి. చేతికి అంటే జిగురు వీటిదే. చర్మం పైదాకా వచ్చి, నోరు తెరిచి, లోపలి జిగురు పదార్థమైన మ్యూసిన్‌ను నీటిలోకి వదులుతాయి. వాటి చుట్టూ ఉన్న ఎపిథీలియల్ కణాలు అన్నిటికంటే పైవరుసలో కూడా బతికే ఉంటాయి. మన ఒంటిమీద పైకి కనబడేది చచ్చిన కణాల పొర. జెల్ల మాత్రం ప్రాణమున్న కణాలనే నేరుగా నీటికి ఒడ్డుతుంది. మధ్యమధ్య రుచి మొగ్గలు, బలహీనమైన విద్యుత్తును పసిగట్టే గుంతలు ఉంటాయి. అడుగున కొల్లాజెన్ పోగులతో బిగువైన లోపలి చర్మం (డెర్మిస్), రంగు కణాలు.

అన్నిటిలోకీ నన్ను ఎక్కువగా ఆకట్టుకునేవి క్లబ్ కణాలు. చాలా పెద్దవి, కొన్నిటికి రెండేసి కేంద్రకాలు. వీటికి పైకి దారే లేదు. చర్మం చిరిగితేనే లోపలి పదార్థం బయటపడుతుంది. గాయపడ్డ మిన్నో చేప చర్మంలోంచి వచ్చే పదార్థానికి తోటి చేపలు బెదిరి చెదిరిపోతాయని కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో ప్రకటించాడు. ఆ హెచ్చరిక ఈ కణాలదేనని తర్వాతివాళ్లు భావించారు. మిన్నోలూ జెల్లలూ ఒకే పెద్ద వర్గానికి చెందినవి. అయితే తాను చిక్కిపోయాక పక్కవాణ్ణి హెచ్చరిస్తే ఆ చేపకేం లాభం? పరాన్నజీవుల నుంచి, సూక్ష్మజీవుల నుంచి చర్మాన్ని కాపాడటమే వీటి అసలు పని అయివుండొచ్చని, హెచ్చరిక దానివల్ల ఇతర చేపలకు దక్కిన మేలని కొందరు శాస్త్రవేత్తల వాదన. నాకు ఇదే సబబనిపిస్తుంది.

జెల్లలన్నిటికీ ఒకే చర్మం అనుకోవడానికీ వీల్లేదు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన ఎ.కె. మిట్టల్, మేరీ వైటియర్‌తో కలిసి 1979లో వడి నీటిలో బతికే బగారియస్ బగారియస్ చర్మంపై పరిశోధన ప్రచురించారు. అదీ మీసాల చేపే. కానీ దాని చర్మంలో పైకణాలు కెరాటిన్‌తో గట్టిపడి, చచ్చి, ఊడిపోతాయి.