కొత్త సెల్‌కు ఇచ్చిన సర్టిఫికెట్ పాత సెల్‌కు చాలదు

2022 ఏప్రిల్‌లో కొద్ది రోజుల తేడాతో నిజామాబాద్‌లోను, విజయవాడలోను ఇంట్లో చార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ఇద్దరు చనిపోయారు. అలాంటి వరుస ప్రమాదాల తర్వాత కేంద్ర రవాణా శాఖ నిపుణుల సంఘాన్ని వేసింది. దానికి అధ్యక్షుడు హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ అప్పటి డైరెక్టర్ టాటా నరసింగరావు. ఆ సంఘం సిఫారసులతో, ఇలాంటి బ్యాటరీల భద్రతకు ఉన్న ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినం చేసి, 2022 డిసెంబరు 1న ఒక విడత, 2023 మార్చి 31న మరో విడత అమల్లోకి తెచ్చారు. ఈలోపే, 2022 సెప్టెంబరు 12 రాత్రి, సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచాయి. పొగ పైఅంతస్తులకు కమ్మి 8 మంది ప్రాణాలు పోయాయి. కొత్త నిబంధనలు ఎంతో అవసరమైనవే. కానీ అవి పరీక్షించేది కొత్త బ్యాటరీల నమూనాలను. ఉప్పల్ నుంచి నాచారం, మల్లాపూర్, నాగారం మీదుగా కీసర దాకా రోజూ ఎండలో, గుంతల్లో తిరిగే బ్యాటరీకి మూడేళ్లు నిండాక ఎలా ఉందో చూసే తప్పనిసరి ఏర్పాటు లేదు. పరీక్ష బ్యాటరీ పుట్టుకతో ఆగిపోకూడదు, దాని వయసుతో పాటు నడవాలి.

బ్యాటరీలో ఉండే సెల్ లోపల ఏముందో తెలిస్తే ఈ మాట ఎందుకు అనవలసి వస్తోందో అర్థమవుతుంది. ఎక్కువగా వాడే 18650 రకం సెల్‌కు ఆ పేరు కొలతను బట్టే వచ్చింది: 18 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 65 మిల్లీమీటర్ల పొడవు. మందు పూసిన రాగి రేకు, అల్యూమినియం రేకు అందులో చాపచుట్టలా ఉంటాయి. ఆ రెండూ తాకకుండా కాపాడేది సుమారు 20 మైక్రాన్ల ప్లాస్టిక్ పొర ఒక్కటే. పాలిథీన్ పొర అయితే 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే సెల్‌ను ఓవెన్‌లో పెట్టి మెల్లగా 130 డిగ్రీలకు చేర్చి, అరగంట ఉంచి, అంటుకోకుండా పగలకుండా ఉందా అని చూస్తారు. రవాణాకు ఐక్యరాజ్య సమితి పెట్టిన పరీక్షల్లో సెల్‌ను 72 డిగ్రీల వేడికి, మైనస్ 40 డిగ్రీల చలికి మార్చిమార్చి గురిచేస్తారు. దానిమీద కడ్డీ పెట్టి, 61 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 9.1 కిలోల బరువు వదులుతారు. ఇవి భద్రత పరీక్షలు. పనితీరు పరీక్ష నెమ్మదైనది: 4.2 వోల్టుల దాకా నింపడం, ఖాళీ చేయడం, ఎంత కరెంటు తిరిగి వచ్చిందో లెక్కించడం, లోపలి నిరోధం ఎంత పెరిగిందో కొలవడం. ఇలా వందల సార్లు. సామర్థ్యం 80 శాతానికి పడిపోతే ఆయుష్షు తీరినట్టు లెక్క కడతారు. నా దృష్టిలో ఈ రెండు రకాల పరీక్షలను విడదీయడమే పొరపాటు. నిరోధం పెరిగిన సెల్ అదే కరెంటుకు ఎక్కువ వేడెక్కుతుంది, కాబట్టి పనితీరు తగ్గడమే ప్రమాదానికి తొలి కబురు.

ముందస్తు పరీక్షల మీదే భారం వేస్తే ఏమవుతుందో పెద్ద సంస్థల అనుభవమే చెబుతోంది. బోయింగ్ 787 విమానానికి అనుమతి తీసుకునేముందు సెల్‌లో మేకు దించి చూశారు. పొగ వచ్చింది, మంట రాలేదు. బ్యాటరీ నుంచి పొగ వచ్చే ఘటన కోటి గంటల ప్రయాణానికి ఒక్కటి కూడా ఉండదని అంచనా కట్టారు. 2013 జనవరి నాటికి ఆ విమానాలన్నీ కలిపి ఎగిరింది సుమారు 52 వేల గంటలు. ఆ నెలలోనే పది రోజుల్లో రెండు విమానాల బ్యాటరీలు కాలాయి. 2016లో శాంసంగ్ నోట్ 7 ఫోన్లను వెనక్కి పిలిచిన నాటికి అమ్మినవి 25 లక్షలు, కాలిపోయినట్టు తెలిసినవి 35. ఆ తర్వాత 2 లక్షల ఫోన్లు, 30 వేల బ్యాటరీలు పరీక్షిస్తే తేలిన కారణాలు: ఒక రకంలో మూల దగ్గర వంగిన రేకు, మరో రకంలో వెల్డింగ్ దగ్గర మిగిలిన లోహపు ముల్లు. లక్షకు ఒకటో రెండో ఉన్న ఇలాంటి లోపాన్ని పది, ఇరవై నమూనాలతో పట్టుకోవడం అసాధ్యం.

వయసు మీదపడ్డ బ్యాటరీ ప్యాక్‌లో చిక్కు ఇంకొకటి. కొన్ని సెల్‌లను పక్కపక్కన కలిపి ఒక జట్టు చేస్తారు, ఆ జట్లను వరసగా కడతారు. ప్యాక్‌కు కాపలా కాసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ (బీఎంఎస్) చూసేది జట్టు వోల్టేజీనే. లోపల ఒక సెల్ నీరసించినా పక్కవి దాన్ని కప్పిపెడతాయి. పాత ప్యాక్ విప్పి, చెడినవి తీసేసి, మరో చోట ఏరిన సెల్‌లు స్పాట్ వెల్డింగ్ చేసి పెడితే ఈ తేడా మరింత పెరుగుతుంది. ఆ ప్యాక్ మొదట గెలిచిన సర్టిఫికెట్‌కు ఆ క్షణంతో కాలం చెల్లినట్టే.

పెట్రోలు బండ్లు కూడా కాలుతున్నాయి కదా అని అడుగుతారు. నిజమే. కానీ పెట్రోలు ట్యాంకును ఊడదీసి తెచ్చి ఎవరూ పడకగదిలో పెట్టుకోరు. ఇనుము, ఫాస్ఫేటు ఉన్న ఎల్‌ఎఫ్‌పీ రకానికి ఈ భయం లేదని మరికొందరంటారు. ఆ రకం వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది. అయినా అందులోని ద్రవమూ మండేదే, చెడినప్పుడు మండే వాయువులూ వస్తాయి. ఖర్చు గురించిన అభ్యంతరమే గట్టిది. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లోని చిన్న యూనిట్ సొంతంగా ల్యాబ్ పెట్టుకోలేదు, పెట్టుకోమనడం న్యాయం కాదు. కాలబెట్టి చూసే పరీక్షలు ల్యాబ్‌లకే వదిలేద్దాం. సెల్‌ను పాడుచేయకుండా సామర్థ్యం, నిరోధం కొలిచే పరికరం మాత్రం రిపేరు దుకాణం కూడా కొనగలిగినదే. చిన్న యూనిట్లన్నీ పంచుకునేలా పారిశ్రామికవాడకు ఒక ఉమ్మడి పరీక్ష కేంద్రాన్ని ప్రభుత్వం పెట్టాలి. బండికి పొగ పరీక్ష ఉన్నట్టే బ్యాటరీకీ నిర్ణీత కాలానికి ఒక పరీక్ష ఉండాలి.

అంతవరకు పాఠకులు చేయగలిగినవి ఉన్నాయి. బ్యాటరీ బాగు చేయిస్తే అందులో వేసినవి కొత్త సెల్‌లా, పాతవా అని అడగండి, కొలిచిన సామర్థ్యం, నిరోధం రసీదు మీద రాయించుకోండి. ఉబ్బిన బ్యాటరీని, కింద పడిన బ్యాటరీని, నీళ్లలో మునిగిన బ్యాటరీని చూపించకుండా మళ్లీ చార్జింగ్‌కు పెట్టకండి. బయటికి పోయే దారిలో, మెట్ల కింద, మీరు నిద్రపోయే గదిలో ఏ బ్యాటరీకీ చార్జింగ్ పెట్టకండి.