ఆ పాట ఎవరిది?

కిందటి సంక్రాంతికి బరంపురంలో మా ఇంటికి చుట్టాలు దిగారు. భోజనాలయి, అందరూ చాపల మీద నడుం వాల్చిన వేళ, మా మేనకోడలి కొడుకు తన ఫోనులో ఒక ఇంగ్లీషు పాట పెట్టాడు. "వితౌట్ యూ" అనే విరహగీతం. భాష రానివారికి కూడా గొంతులోని బాధ తెలుస్తుంది. వంటింట్లో పళ్లాలు సర్దుతున్న మా ఇంటావిడ సైతం ఒక్క క్షణం చెయ్యి ఆపింది.

"ఒరే అబ్బీ, ఇది మా కాలేజీ రోజుల పాటరా. హారీ నిల్సన్ పాడాడు," అన్నాము.

"కాదు తాతయ్యా, మరయా కేరీ పాట," అన్నాడు వాడు.

పందెం వేసుకున్నాము. ఇద్దరమూ ఓడిపోయాము. నిల్సన్ పాడిన మాటా నిజమే, కేరీ పాడిన మాటా నిజమే. కాని పాట కట్టినవారు వేరు. పీట్ హామ్, టామ్ ఈవాన్స్ అనే ఇద్దరు కుర్రాళ్లు. బేడ్‌ఫింగర్ అనే రాక్ జట్టులోని వారు. ఆ పేరు మేమూ అప్పుడే విన్నాము. విన్న తరువాత ఊరుకోబుద్ధి కాక కొంత వెతికాము. వెతకగా తెలిసిన సంగతులే ఇవి.

ఈ జట్టు పుట్టింది వేల్స్ దేశపు రేవుపట్టణమైన స్వాన్సీలో. మొదటి పేరు ఐవీస్. ఆ ఊరి రైల్వే స్టేషను దగ్గర ఐవీ ప్లేస్ అనే చోటొకటి ఉంది. దాని పేరే పెట్టుకున్నారు. ఆ రోజుల్లో ప్రపంచాన్ని ఉర్రూతలూగిస్తున్న బీటిల్స్ నలుగురూ ఆపిల్ అనే సొంత రికార్డు కంపెనీ పెట్టారు. 1968లో ఆ కంపెనీ తొలినాళ్లలోనే చేర్చుకున్న జట్లలో ఇదొకటి. మరుసటి ఏడు పేరు మార్చవలసి వచ్చింది. బీటిల్స్ వారు ఒక పాట కట్టుకుంటూ ఉండగా దానికి వాడుకగా పెట్టుకున్న పేరులోనుంచి "బేడ్ ఫింగర్" అనే మాట తీసి వీరికి తగిలించారు. తెలుగులో చెప్పాలంటే చెడ్డవేలు! మన పెద్దవాళ్లయితే ఆ పేరుతో శుభకార్యం మొదలుపెట్టనిచ్చేవారు కారు.

మొదటి పాట మాత్రం బ్రహ్మాండంగా కలిసివచ్చింది. పాల్ మెకార్ట్నీ "కమ్ అండ్ గెట్ ఇట్" అనే పాట తానే కట్టి, అన్ని వాయిద్యాలూ తానే వాయించి, నమూనా రికార్డు చేసి ఇచ్చాడు. ఉన్నది ఉన్నట్టు పాడండి, ఒక్క మాత్ర కూడా మార్చవద్దు అన్నాడు. 1970 మొదట్లో ఆ పాట ఇంగ్లండులో నాలుగో స్థానానికి ఎక్కింది. ఈ వరమే తరువాత శాపమయింది. బీటిల్స్ నీడలో పెరిగిన మొక్క అన్న ముద్ర పడిపోయింది. పీట్ హామ్ సొంతంగా కట్టిన "నో మేటర్ వాట్" రెండు దేశాలలోనూ మొదటి పదింటిలోకి వచ్చినా ఆ ముద్ర చెరగలేదు.

మా పందెం పాట కూడా 1970లోదే. "నో డైస్" అనే రికార్డులో వచ్చింది. పీట్ దగ్గర చరణాలున్న పాట ఒకటి, పల్లవి కుదరక పడి ఉన్నది. టామ్ దగ్గర పల్లవి ఉన్న పాట ఒకటి, చరణాలు కుదరక పడి ఉన్నది. రెండు సగాలూ తెచ్చి అతికించారు. వారు దాని మీద పెద్ద ఆశ ఏమీ పెట్టుకోలేదు. అమెరికాలో హారీ నిల్సన్ ఎక్కడో ఆ పాట విని బీటిల్స్‌ది కాబోలు అనుకున్నాడట! వెతికి చూస్తే కాదని తేలింది. అతను పాడిన రికార్డు 1972లో అమెరికాలో నాలుగు వారాలు, ఇంగ్లండులో అయిదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1994లో మరయా కేరీ పాడినప్పుడు ఇంగ్లండులో మళ్లీ మొదటి స్థానమే. 1973లో పీట్, టామ్ ఇద్దరికీ పాట కట్టినందుకు ఐవర్ నొవెల్లో బహుమానం వచ్చింది. బహుమానం వచ్చింది గాని పేరు రాలేదు. ఆ మాటకొస్తే మనం మాత్రం తక్కువ తిన్నామా? ఘంటసాల పాట అంటాము, సుశీల పాట అంటాము. రాసినదెవరని పిల్లలు అడిగితే తడుముకుంటాము.

మన దేశంతో ఈ జట్టుకు ఒక పూట సంబంధం ఉన్నది. 1971 ఆగస్టు 1న న్యూయార్కులోని మేడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, బంగ్లాదేశ్ కాందిశీకుల సహాయార్థం పండిట్ రవిశంకర్ కోరికపై జార్జి హారిసన్ కచేరీలు ఏర్పాటు చేశాడు. రవిశంకర్ సితారు, అలీ అక్బర్ ఖాన్ సరోదు, అల్లారఖా తబలా. వారు శ్రుతి చేసుకుంటూ ఉండగానే జనం పాట అయిందనుకొని చప్పట్లు కొట్టారు. శ్రుతే ఇంత నచ్చితే అసలు కచేరీ ఇంకా నచ్చుతుందిలెండి అన్న ధోరణిలో రవిశంకర్ చమత్కరించారు. ఈ ముచ్చట చాలామందికి తెలుసు. అదే వేదిక మీద వెనకవరుసలో గిటార్లు పట్టుకొని కూర్చున్న కుర్రాళ్లు బేడ్‌ఫింగర్ వారేనన్న సంగతి తెలిసినవారు తక్కువ. ఆ హోరులో వారి గిటార్లు చెవి రిక్కించి వింటే గాని వినపడవు. ఒక్క పాటకు మాత్రం పీట్ హామ్ ముందుకు వచ్చి హారిసన్ పక్కన నిలబడ్డాడు. "హియర్ కమ్స్ ది సన్" అనే ఆ పాటకు రెండే గిటార్లు. చూడదగిన దృశ్యం.

ఇక డబ్బు సంగతి. పాశ్చాత్య దేశాలలో ఒకరు కట్టిన పాటను మరొకరు రికార్డు చేస్తే, అమ్మిన ప్రతి రికార్డు మీదా కట్టినవారికి ఇంత అని ముట్టాలి. ఆ లెక్కన పీట్, టామ్ కూర్చుని తినవలసినవారు. కాని 1970లో ఒక అమెరికా వ్యాపారి వారికి మేనేజరుగా కుదిరాడు. జట్టు పేరనే ఒక కంపెనీ పెట్టించి, వచ్చే రాబడి అంతా అందులోకి మళ్లించి, పాడేవారికి నెలజీతం లాంటిది ఏర్పాటు చేశాడు. కాగితాలు పెట్టాడు, వీరు సంతకాలు చేశారు. ఇరవై మూడేళ్ల పిల్లలు. పెద్దమనిషి మాట నమ్మారు. ఆపిల్ కంపెనీ చితికిపోగా వార్నర్ కంపెనీలో చేరారు. ముందుగా ఇచ్చిన సొమ్ము ఉండవలసిన ఖాతాలో లేదని వార్నర్ వారు కోర్టుకెక్కారు. 1974 చివర విడుదలయిన "విష్ యూ వర్ హియర్" అనే మంచి రికార్డును కొన్నాళ్లకే దుకాణాలనుంచి వెనక్కి తీసుకున్నారు. ఆ డిసెంబరులోనే మరొకటి తయారు చేశారు. అది 2000 సంవత్సరందాకా వెలుగు చూడలేదు.

జీతాలు ఆగిపోయాయి. పీట్ అప్పుడే ఇల్లు కొన్నాడు. అతని సహచరి నిండు గర్భవతి. 1975 ఏప్రిల్ 24న, ఇరవై ఎనిమిదో పుట్టినరోజుకు మూడు రోజులు ముందు, పీట్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. నెలరోజులకు ఆడపిల్ల పుట్టింది. టామ్ ఈవాన్స్ ఆ దెబ్బనుంచి తేరుకోలేదు. ఊరందరూ పాడుకునే ఆ పాట తాలూకు డబ్బుల తగవులు అతన్ని వెంటాడుతూనే ఉన్నాయి. 1983 నవంబరులో అతనూ అదే దారి పట్టాడు. ఇంతకంటే వివరంగా రాయడానికి మాకు మనసొప్పడం లేదు.

ఆ తరువాత పదమూడేళ్లకు, 1996లో, కాపర్ అనే చిన్న రికార్డు కంపెనీ ఒక నివాళి ఆల్బం తెచ్చింది. పేరు "కమ్ అండ్ గెట్ ఇట్: ఎ ట్రిబ్యూట్ టు బేడ్‌ఫింగర్". మేము దానిని రెండుసార్లు విన్నాము. ఏయిమీ మాన్, ఏడ్రియన్ బెల్యూ, ది నాక్ వంటి కాస్త పేరున్నవారు కొందరు, తక్కినవారు ఎక్కువమంది అంతగా పేరు లేని జట్లవారు. మాకు నచ్చినది అదే. పెద్ద కంపెనీ పెద్ద గాయకులను పోగుచేసి తెచ్చిన సరుకు కాదు. ఈ పాటలు విని గిటారు పట్టినవారు గురుదక్షిణగా పాడినది. పేరు మోసిన నాలుగు పాటలతో సరిపెట్టక, రికార్డుల మూలల్లో ఉండిపోయిన చిన్న పాటలను కూడా బయటకు తీశారు.

లోపం లేదని అనము. కొందరు మూలాన్ని ఎంత భక్తిగా అనుసరించారంటే, ఇంతకన్న అసలు రికార్డే వినవచ్చు గదా అనిపిస్తుంది. ది నాక్ వారి "నో మేటర్ వాట్" హుషారుగా ఉన్నదే గాని కొత్త మాట చెప్పదు. ఏయిమీ మాన్ పాడిన "బేబీ బ్లూ" సంగతి వేరు. మగవాడు ఒక ఆడపిల్లకు క్షమాపణ చెప్పుకున్నట్లుండే పాటను ఆడగొంతులో వింటుంటే, ఆ క్షమాపణ అందుకున్న మనిషే ఎదురు మాట్లాడుతున్నట్లుంటుంది. ఒకసారి ఆపి, మళ్లీ మొదటినుంచి విన్నాము.

నిల్సన్‌కూ, కేరీకీ, ఈ జట్లకూ తేడా ఏమంటే, వారు పాటను తీసుకున్నారు. వీరు పాటతోపాటు పేరును కూడా అట్ట మీద పెద్ద అక్షరాలతో వేశారు. ముందటి ఇద్దరిదీ తప్పని కాదు. నిల్సన్ పాడకపోతే ఆ పాట మా చెవిన పడేదే కాదు. కాని పేరు చెప్పడం ఒక పని. ఎవరో ఒకరు పూనుకొని చెయ్యాలి.

2013 ఏప్రిల్ 27న, పీట్ పుట్టినరోజున, స్వాన్సీలోని ఆ ఐవీ ప్లేస్‌లోనే నగరంవారు అతని పేర నీలిరంగు ఫలకం పెట్టారు. తండ్రిని చూడని ఆ కూతురే తెర తీసింది. ఆ సెప్టెంబరులోనే "బ్రేకింగ్ బాడ్" అనే అమెరికా టెలివిజన్ ధారావాహిక ఆఖరి ఘట్టంలో "బేబీ బ్లూ" వినిపించేసరికి, నలభై ఏళ్ల నాటి పాటను కుర్రకారు ఎగబడి కొన్నారు. జట్టు నలుగురిలో డ్రమ్ములు వాయించిన మైక్ గిబ్బిన్స్ 2005లో పోయాడు. చివరివాడు జోయీ మోలాండ్ 2025 మార్చిలో పోయాడు.

వినదలచినవారు ముందుగా 1971 నాటి "స్ట్రెయిట్ అప్" రికార్డు వినండి. అందులో "డే ఆఫ్టర్ డే" అనే పాటకు పీట్‌తోపాటు జార్జి హారిసన్ కూడా గిటారు మీద కమ్మీ జార్చి వాయించాడు. మన వీణ గమకాలకు అలవాటు పడిన చెవికి ఇట్టే పడుతుంది. తరువాత "నో డైస్"లో ఆ జంట అతుకు పాట. నివాళి ఆల్బం చివర. మా మనుమడు ఈ వరుసనే విన్నాడు. పందెం డబ్బు ఎవరికి చెందాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఆ వంద రూపాయలూ మా ఇంటావిడ కొంగుముడిలో ఉన్నాయి.